ఇనుముకి నేర్పిన చెయ్యి

మా షెడ్డులో మట్టి యంత్రానికి ఒక పాడు అలవాటు ఉంది. మూతిలోంచి తాడులా మట్టి వదులుతూ గుండ్రంగా ఒక వరుస తిరిగి వస్తుంది. మొదలుపెట్టిన చోటికి చేరగానే ఆగుతుంది. మూతి పక్కనున్న బొటనవేలంత ఇనుప ముక్కతో అతుకు నొక్కుతుంది. ఆ తరవాత ఇనుప చెయ్యి పైకెత్తి ఎడమవైపుకి ఒక్క విదిలింపు విదిలిస్తుంది. ఇంత మట్టి ఎగిరి పడుతుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు పై వరుస మొదలుపెడుతుంది.

తమిళనాడులో, కోవిల్‌పట్టి బైపాసు పక్కన రేకుల షెడ్డు మాది. మట్టితో గోడలు, గాదెలు, చిన్న చిన్న గదులు యంత్రం చేత పోయిస్తాం. కంప్యూటరులో గీత గీస్తే యంత్రం మట్టిలో కడుతుంది. గీతలు గీసేది నేను. చూడడానికి కాలేజీ పిల్లలు వస్తారు, మదురై నుంచి కార్లలో పెద్దమనుషులు వస్తారు. ఆ విదిలింపు ఏమిటని అడగనివాళ్ళు లేరు. మా ఇంజనీరు మురిసిపోతూ చెబుతాడు, "అది పాతకాలపు పనితనం. ఒక అవ్వ చేతి కదలికని ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నాం" అని.

పనితనమూ కాదు, పాడూ కాదు. అది మా అత్త కుళ్ళు.

మొన్న ఒక అమ్మాయి యంత్రానికి ఎడమపక్కన నిలబడి ఫోటో దిగబోతే మట్టి పోయి సరిగ్గా నోట్లో పడింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం మా అత్త నవ్వు వినిపించింది, ముక్కుతో నవ్వే ఆ చిన్న నవ్వు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇంకా మనుషుల మొహాన మట్టి కొడుతూనే ఉంది.

మా నాన్నకి అక్క ఆవిడ. పుదూరు దాటాక ఉన్న నల్లనేల ఊళ్ళలో ఒకటి ఆవిడ ఊరు. చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు కదా, కర్మ నాడు చుట్టాలంతా అరుగు మీద కూర్చుని ఆవిడ ఎంత మంచిదో చెప్పుకున్నారు. ఎవరి నోట్లోంచీ రెండో ఉదాహరణ రాలేదు. మొదటి ఉదాహరణ ఒక్కటే, ఆవిడ కట్టిన గాదెలో ఎలక దూరలేదన్నది. అది నిజమే. ఎలకకి కూడా ఆవిడంటే భయం.

మాది వానని నమ్ముకున్న నేల. సజ్జ, జొన్న, కొర్ర పండితే దాచుకోవడానికి మట్టి గాదె కావాలి. మావైపు కులుక్కై అంటాం. నిలువెత్తున, కడుపు లావుగా, అడుగున గింజ తీసుకోవడానికి ఒక చిన్న కంతతో ఉంటుంది. అచ్చు లేదు, చక్రం లేదు. మట్టిని తాళ్ళలా పేని, వరుస మీద వరుస చుట్టుకుంటూ పోవాలి. ఒక వరుస కొంచెం బిగిశాక పై వరుస. ఆత్రపడితే కడుపు జారిపోతుంది. ఇప్పుడు మా యంత్రం చేసేదీ అదే పని. అంత పెద్ద గాదెలు కట్టే చెయ్యి ఆ చుట్టుపక్కల చివరికి మా అత్తది ఒక్కటే మిగిలింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి ఆ దర్జా అనుభవించింది.

ఇరుగుపొరుగు ఇళ్ళకి పోతే ముందు వాళ్ళ గాదె మీద వేలిముడితో కొట్టి చూసేది. చెవి ఆనించి విని ఆ ఇంటి ఇల్లాలితో, "నీ మొగుడి మాదిరిదా వుండాది. పైన గట్టి, లోపల డొల్ల" అనేది. ఎవరైనా పసిబిడ్డని తెచ్చి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "నల్లంగా పుట్టినాడు, పోనీ, బతికితే చాలు" అనేది. పెంచుకున్న కుక్కకి తన తోడికోడలి పేరు పెట్టింది. తోడికోడలి ఇల్లు ఎదురుగానే. పొద్దున్నే వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచి కూడు వేసేది. ఆ తోడికోడలు పోయిన రోజున కూడా కుక్కని పిలవడం మానలేదు. పైగా రెండు సార్లు ఎక్కువ పిలిచింది.

ఆవిడ కుడికన్ను ఎడమకన్ను కంటే చిన్నది. ఎప్పుడూ మూసుకోబోతున్నట్టు ఉండేది. పక్కనున్నవాళ్ళు చెయ్యెత్తితే చాలు, వెంట్రుకలు సవరించుకోవడానికి ఎత్తినా సరే, ఆ కన్ను టక్కున మూసుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగి ఆవిడ నోట్లో పడడం ఎవరికి సరదా?

ఆవిడ కోడలు గురువమ్మ. మా బావ పెండ్లాం, నాకు అక్క వరస. బావ లారీ ఎక్కి పోతే పోయినట్టే. తూత్తుకుడి అంటాడు, సాత్తూరులో ఇంకో పొయ్యి వెలిగిస్తున్నాడని ఊరంతా అంటుంది. గురువక్కకి పిల్లలు లేరు. పొద్దున్నే బస్సెక్కి కళుగుమలై వైపు అగ్గిపెట్టెల కంపెనీకి పోయేది. సాయంత్రం ఇంటికొస్తే చీరలో అగ్గిపుల్లల మందు వాసన, రెప్పల చుట్టూ ఎర్రగా దురద. అత్త పోతే ఆ ఇంట్లో తనకి నిలిచే చోటు ఉండదని, బావ ఇల్లమ్ముకుని పోతాడని ఆమెకి తెలుసు. ఆ మధ్య మదురై నుంచి, విరుదునగర్ నుంచి మట్టి గాదెలు కావాలని జనం వెతుక్కుంటూ వస్తున్నారు. ఆ పని ఒక్కటి చేతికొస్తే ఎక్కడైనా బతకవచ్చు. గురువక్క మా అత్తని జీవితంలో అడిగింది అదొక్కటే. చీర అడగలేదు, బంగారం అడగలేదు, అతుకు ఎలా వేయాలో చెప్పమంది.

గాదె పగిలితే అతుకు దగ్గరే పగులుతుంది. మన్ను కలపడం అత్త అందరికీ చూపించేది. ఒట్టి నల్లమన్ను ఎండకి నెర్రెలిస్తుంది, ఎర్రమన్ను ఇంత, తరిగిన గడ్డి ఇంత, ఇలా తొక్కాలి, అలా పేనాలి. అవన్నీ ధారాళంగా చెప్పేది. వరుస తిరిగొచ్చి రెండు కొసలు కలిసే చోట మాత్రం వీపు అడ్డం పెట్టేది. కొంగు భుజం మీదికి పరదాలా లాక్కునేది. ఆ మరుగున బొటనవేలు ఏం చేసేదో దేవుడికి తెలియాలి. కొంగు తీసేసరికి అతుకు ఉండేది కాదు, అంతా ఒకే తాడు.

మట్టితాళ్ళు అందించడానికి గురువక్క ఎప్పుడూ ఆవిడకి ఎడమపక్కన కూర్చునేది. అతుకు అయిపోగానే అత్త ఇటు తిరిగి, వేళ్ళకి అంటిన మట్టిని ఎడమవైపుకి విదిలించేది. కుడివైపు ఖాళీ వాకిలి ఉన్నా సరే, ఎడమవైపుకే. అది పోయి గురువక్క మొహాన పడేది. కంట్లో పడితే ఆమె కొంగుతో తుడుచుకునేది.

"మొగం తిప్పుకోను తెల్దా?" అనేది అత్త. తప్పు మొహానిదైనట్టు.

ఒకసారి నేను ఆ వాకిట్లో కూర్చుని ఉండగానే జరిగింది. గురువక్క తాడు అందిస్తూ మెల్లగా అంది.

"అత్తా, ఒక్క దపా ఆ అతుకు చూపియ్యి."

"యాల? నేను పోయేకి ముందే నా చెయ్యి నీకి కావాల్నా?"

"అట్ల కాదు అత్తా. నీకి ఒళ్ళు బాగలేకపోతే నేను చేసిపెడతాను గదా."

"నాకి ఒళ్ళు బాగలేకుండా పోవాల్నా?" అత్త నా వైపు తిరిగింది. "విన్నావా పాప, దీని ఆశ! కడుపున బిడ్డని మోసేకి తెలీదు, గాదెకి కడుపు పెడతాదంట."

 అత్త మీది కోపం దుత్త మీద చూపే కోడళ్ళుంటారు, గురువక్క దుత్తని కూడా ఏమీ అనేది కాదు. తాడు పేనుకుంటూ కూర్చుంది.

నేను ఊరుకోలేక, "నేర్పితే నీ సొమ్మేం పోయింది అత్తా?" అన్నాను.

"నాకెవురు నేర్పినారు? మా అత్త నేర్పిందా? దొంగిలించినా. పని అంటే అట్లదా రావాల. అడిగి నేర్చుకునేది బిచ్చం."

ఇంకో వరుస పూర్తయింది. మట్టి ఎగిరింది.

నాకు ఆవిడంటే ఒళ్ళు మండేది. ఆవిడ గాదె చూస్తే మాత్రం చెయ్యి పెట్టి నిమరకుండా ఉండలేకపోయేదాన్ని. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా షెడ్డు మొదలైన కొత్తలో యంత్రం పోసిన గోడలన్నీ అతుకుల దగ్గర పగిలేవి. వరుస మొదలయ్యే చోటు, ముగిసే చోటు కలిసినట్టే కలిసి, ఎండగానే విడిపోయేవి. ఇంజనీరు తమిళాయన, మంచివాడే, నవ్వుతూ ఉంటాడు. మా అత్త సంగతి నా నోటి వెంట విని కారు తీశాడు. వాకిట్లో గాదె చూసి చుట్టూ తిరిగి, చెప్పులు విప్పి మరీ దండం పెట్టాడు. అవ్వా, నీ చెయ్యి మా యంత్రానికి నేర్పుతావా అని తమిళంలో అడిగాడు. గురువక్క కాఫీ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

అత్త ఆయన వైపు చూడలేదు. గడప వైపు చూసింది. మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, ఆయనకి అర్థం కాకుండా, గురువక్కకి బాగా అర్థమయ్యేలా చెప్పింది.

"ఇనుముకి నేర్పుతాను. నీకి నేర్పను."

తరవాత తమిళంలో ఆయనతో, "ఎప్పుడు రావాల సార్?" అంది.

ఆయన పొంగిపోయాడు. ఎంత పెద్ద మనసు అన్నాడు నాతో దారి పొడుగునా.

షెడ్డులో ఆవిడ కుడిచేతికి తీగలున్న గ్లౌజు తొడిగారు, చుట్టూ కెమెరాలు పెట్టారు. తాళ్ళు అందించడానికి ఎడమపక్కన గురువక్కే. అన్ని కెమెరాల మధ్యా కూడా అత్త అతుకు దగ్గర కోడలికి వీపు అడ్డం పెట్టింది. లోకమంతా చూడవచ్చు, ఆ ఒక్కతీ చూడకూడదు. బల్ల మీది టీవీలో చెయ్యి కనిపిస్తోందని తెలిసి, "దాన్ని అట్ల తిప్పండి సార్, ఆ వెలుతురుకి కండ్లు కూసుతుండాయి" అని టీవీని గోడవైపు తిప్పించింది. వరుస అయింది. ఇటు తిరిగి విదిలించింది. గురువక్క చెంప మీద పడింది.

ఇంజనీరు ఆసక్తిగా ముందుకు వంగి, "అవ్వా, ఈ విదిలించడం దేనికి?" అని అడిగాడు.

 ఆవిడ చిన్నకన్ను ఇంకా చిన్నదైంది.

"అది లేకుంటే అతుకు నిలవదు సార్. అదిదా ముఖ్యం."

ఆయన తల ఊపాడు. ఆ సాయంత్రమే నేను ఆయనతో చెప్పాను, అది పనిలో భాగం కాదు, కోడలి మీద కసి అని. ఆయన నవ్వి, "అత్తాకోడళ్ళ గొడవలు నాకెందుకమ్మా, అవ్వ ముఖ్యమంది కదా, ఉండనీ" అన్నాడు. యంత్రం పోసిన తరవాతి గోడ పగల్లేదు. పగలనిది బొటనవేలి వల్లనా, విదిలింపు వల్లనా అని ఆలోచించే తీరిక ఆయనకి లేదు.

విరుదునగర్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు అత్తకి పట్టుచీర కట్టించి యంత్రం పక్కన కుర్చీ వేశారు. ఎవరో విలేకరి, మీ పని యంత్రం తీసుకుంటే బాధగా లేదా అని అడిగాడు. ఆవిడ మైకు దగ్గరికి లాక్కుంది. "బాదేముండాది? నా కోడలికంటే ఇది మేలు. నూనె పోస్తే చాలు. తిండి అడగదు, నేర్పమని ప్రాణం తియ్యదు, మొగుడు రాలేదని ఏడవదు" అని తమిళంలో చెప్పింది. జనం విరగబడి నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. గురువక్క అక్కడే యంత్రానికి మట్టి మోస్తోంది. బొచ్చె దించి, ఒట్టిది తీసుకుని మళ్ళీ పోయింది. ఇంటికి పోయే బస్సులో అత్త ఆమె భుజం మీదే తల పెట్టుకుని గురక పెట్టి నిద్రపోయింది.

ఆడి నెల గాలుల్లో అత్తకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. కుడిచెయ్యి బాగానే ఉంది, నోరు అంతకంటే బాగుంది. ముద్ద పెడితే ఉమ్మేది. ఒళ్ళు తుడిస్తే తిట్టేది. గురువక్క అగ్గిపెట్టెల కంపెనీ మానేసి అన్నీ చేసింది. నేను చూడడానికి వెళ్ళిన రోజు, మంచం పక్కన పిడికెడు తడిమట్టి పెట్టుకుని కూర్చుని ఉంది.

"అత్తా, ఇంగ నువ్వు చేసేది లేదు. ఇప్పుడన్నా చూపియ్యి. ఇదో మన్ను. ఒక్క దపా నొక్కి చూపియ్యి, చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. అత్త ఆమెని చూసింది, మట్టిని చూసింది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. గురువక్క మట్టి దగ్గరికి జరిపింది. అత్త బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద నాలుగువేళ్ళూ మూసి, పిడికిలిని రొమ్ము కింద దాచుకుంది. ముక్కుతో నవ్వింది. ఇలాంటి మనిషిని ఇంకా ఎందుకు బతకనిస్తాడు దేవుడు అని నేను పైకే అన్నాను. ఆవిడ విన్నది కూడా.

మూడోనాటికి పోయింది. పిడికిలి అలాగే ఉంది.

మాలో శవానికి కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు, చేతి బొటనవేళ్ళూ కలిపి కడతారు. కాళ్ళవి కట్టారు. చేతి వేలు దొరకలేదు. ముసలమ్మలు లాగి చూశారు, రాలేదు. కట్టకుండా లేపకూడదని ఒకరు, ఎట్లయినా పోనీయమని ఒకరు. పాడె బయట సిద్ధంగా ఉంది, డప్పులవాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. గురువక్క లోపలికి పోయి ఉడుకునీళ్ళు, ఆముదం తెచ్చింది. శవం పక్కన కూర్చుని ఒక్కొక్క వేలే విప్పింది. చిటికెనవేలు విప్పేటప్పుడు చిన్నగా చప్పుడైంది.  బొటనవేలు బయటపడ్డాక దాన్ని దీపం దగ్గరికి తిప్పి చూసింది. కొస నున్నగా ఉండాల్సింది పోయి, పక్కభాగం అరిగి, గోరు ఏటవాలుగా ఉంది. చాలాసేపు చూసింది. తరవాత గట్టిగా కట్టింది. అవసరమైనదానికంటే గట్టిగానే కట్టింది. ఆ రోజంతా ఆమె ఏడవలేదు.

బావ కర్మ అయిన మర్నాడే ఇల్లు బేరం పెట్టాడు. గురువక్క విళాత్తికుళం దారిలో ఒక రేకుల గది అద్దెకి తీసుకుంది. నేను ఇంజనీరుతో చెప్పి మా షెడ్డులో పని ఇప్పించాను. యంత్రానికి మట్టి పొయ్యడం. మట్టి పోసే తొట్టి యంత్రానికి ఎడమపక్కనే ఉంటుంది. కాబట్టి వరుస వరుసకీ ఇనుప చెయ్యి ఎత్తి ఆమె మొహాన కొట్టేది, అత్త బతికున్నట్టే. ఇంజనీరుకి జాలేసి ప్లాస్టిక్ కళ్ళద్దాలు కొనిచ్చాడు.

నేను పట్టలేక ఒకరోజు, "అక్కా, సార్‌కి చెప్పకుండా ఆ విదిలింపు తీసేస్తాను. కంప్యూటరులో ఒక్క గీత, అంతే" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"తియ్యొద్దు చెల్లీ."

"ఎందుకక్కా? అది ఆవిడ కసి తప్ప ఇంకేం కాదు."

"నాకి తెల్దా? కానీ అది విదిలించేకి ముందుదా వేలు పెడతాది. మన్ను మొగాన పడిందంటే ఇప్పుడే పెట్టిందని గుర్తు. ఇంగో వరుసకి ఇంగొంచెం ముందే చూస్తాను." ఇనుప చెయ్యి వైపు చూపించింది. "దీనికి కొంగు లేదు చెల్లీ. వీపు లేదు. ఎంత సేపు చూసినా దాచిపెట్టదు."

అప్పుడు అర్థమైంది నాకు. జీతానికి రావడంలేదు ఆమె. దొంగతనానికి వస్తోంది. ఆ అత్త నోటి మాటే, పని అంటే అట్లదా రావాల. ఆ పూట నేను సంతోషంగా అన్నం తిన్నాను. అత్త బొటనవేలు మూసిపెట్టి పోయింది, ఇనుము దాన్ని రోజూ తెరిచి చూపిస్తోంది. ఎక్కడున్నా ఈ సంగతి ఆవిడకి తెలిసి కుళ్ళుకుంటే బాగుండుననిపించింది.

అయిప్పసి నెల వానలు పట్టుకుని షెడ్డు మూసేసిన వారంలో గురువక్క ఫోను చేసింది. రమ్మంది. రేకుల గది ముందు పంచలో గాదె నడుము దాకా లేచి ఉంది. నేను పట్టుకు చూశాను. అతుకు ఎక్కడుందో తెలియలేదు. చుట్టూ నిమిరాను, అయినా తెలియలేదు. వేలిముడితో కొట్టాను. నిండుగా మోగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సిగ్గేమీ పడలేదు.

"అక్కా, గెలిచావు. ఆవిడని గెలిచావు."

ఆమె నవ్వలేదు. మదురైవాళ్ళు రెండు అడిగారంది. తాళ్ళు అందించేవాళ్ళు లేక పని సాగడంలేదు, కాసేపు కూర్చోమంది. చీర దోపుకుని కూర్చున్నాను. ఆమె చూపించినచోట, ఎడమపక్కన.

తాళ్ళు పేని అందించాను. ఆమె చేతులు చకచకా తిరుగుతున్నాయి. వరుస తిరిగొచ్చింది. కొసలు రెండూ దగ్గరపడ్డాయి. ఎలా వేస్తుందో చూద్దామని ముందుకి వంగాను. నాకు ఉత్త కుతూహలం, అంతే. ఆమె భుజం అడ్డం వచ్చింది. కొంగు పరదాలా జారింది.

కొంగు తీసి ఇటు తిరిగింది. చెయ్యి లేచింది. తడిమట్టి ఛెళ్ళున వచ్చి నా కుడికంటి మీద పడింది.

నేను కన్ను నులుముకుంటూ, పొరపాటున పడిందని అంటుందేమో అని ఎదురుచూశాను. గురువక్క నా వైపు చూసింది. ఆ మొహంలో కోపం లేదు, నవ్వు లేదు. పనిలో ఉన్న మనిషి మొహం.

"మొగం తిప్పుకోను తెల్దా?" అంది.

తరవాతి తాడు కోసం చెయ్యి చాచింది. అందించాను. ఆ వరుస చివరికి వచ్చేసరికి, ఆమె చెయ్యి ఎత్తకముందే, నేను మొహం తిప్పుకున్నాను.